గోడకి అవతల నవ్వు

అది షాహిదా నవ్వే. సినిమా హాలంతా గొల్లుమని నవ్వి ఊరుకున్నాక, గోడకి అవతల ఆడవాళ్ల బెంచీల్లోంచి ఒక్క నవ్వు మాత్రం వెనకబడి మిగిలిపోయింది. ముందు ఊపిరి సర్రున లోపలికి లాక్కుని, తర్వాత రెండు ముక్కలుగా విరిగి, ఆఖర్న ఎక్కిలి లాంటి ఒక చిన్న తోక. అది తన పెళ్లాం నవ్వు కాకపోతే ఇస్మాయిల్ చెవులు రెండూ కోసి కుక్కలకేసెయ్యొచ్చు. పెళ్లామే, ఇంకా పెళ్లామే, సాయంత్రం అసర్ నమాజు దాకా పెళ్లామే. నమాజయ్యాక మసీదు అరుగు మీద పెద్దలు కూర్చుంటారు, ఇమాం సాహెబ్ మామ గొంతు సవరించుకుని, ఈ పిల్ల ఖులా అడుగుతోంది, నీ నుంచి తనని వదిలెయ్యమంటోంది, ఏమంటావురా అని అడుగుతాడు. ఇస్తానంటే తెగిపోతుంది, ఇవ్వనంటే తెగదు. అంతా ఇస్మాయిల్ నాలుక మీదే ఉంది. పొద్దున గడ్డం గీసుకుంటూ ఇచ్చేద్దామనే అనుకున్నాడు, ఏడాదిగా పుట్టింట్లో ఉన్న మనిషిని కట్టేసుకుని ఏం చేసుకుంటాం, పోనీలే అనుకున్నాడు. ఇప్పుడీ నవ్వు విన్నాక ఆ పోనీలే ఎటు పోయిందో తెలీదు, ఒళ్లంతా కారం పూసినట్టుంది.

ఏం ఆడది ఇది! ఇవ్వాళా రేపా అని కాపరం తెగిపోయే రోజున సినిమాకొస్తుందా! తను వచ్చాడంటే అది వేరు. తను మొగవాడు, మెకానిక్ షెడ్డు మూసేశాడు, ఇంట్లో కూర్చుంటే పక్కింటి సుందరమ్మ గోడ మీదుగా తొంగి చూసి అయ్యో నాయనా అంటుంది, బజార్లో నిలబడితే ఎవడో ఒకడు ఏంది ఇస్మాయిలూ ఇవ్వాళేనంటగా అంటాడు, అందుకని చీకటి కావాలని వచ్చాడు, అంతే. మాచర్లలో పట్టపగలు చీకటి దొరికే చోటు స్టేషన్ రోడ్డులో ఈ హాలొక్కటే. ఆమెకేం అవసరం? నడికుడి నుంచి పొద్దున బండికే వచ్చి ఉంటుంది, వాళ్ల నాన్న అక్కడ రైల్వేలో గ్యాంగ్‌మన్, సాయంత్రం దాకా వేరే బండి లేదు, చుట్టాలింట్లో కూర్చుంటే అందరూ మొహంలోకి చూస్తారు, అందుకని చెల్లెల్ని తీసుకుని... ఆఁ, తెలుసులే, తనకి తట్టిన చీకటే ఆమెకీ తట్టింది. అయినా కూర్చోవచ్చు గదా ఊరికే, నవ్వడం దేనికి? గోడ ఛాతీ ఎత్తుంది, లేచి నిలబడితే తల కనపడుతుంది, కాని లేస్తే వెనకవాళ్లు కూర్చోరా అని అరుస్తారు, ఆమె తిరిగి చూస్తుంది. ఇస్మాయిల్ బెంచీ మీద ఇంకొంచెం కిందికి జారాడు. అవతల ఆమె చెల్లెలు రజియా గొంతు, "మెల్లగా నవ్వవే అక్కా, అందరూ చూస్తున్నారు" అంటోంది. చూడనీ. ఎవరు చూస్తున్నారు? ఎవడు చూస్తున్నాడు?

తెర మీద ఒక ఇల్లుంది, మూడు వాకిళ్ల ఇల్లు. సినిమా పేరు కూడా అదే. మొగుడూ పెళ్లాం విడాకులకి నరసరావుపేట కోర్టుకెక్కారు, కేసు తెగేదాకా ఎవరూ ఇల్లు ఖాళీ చెయ్యకూడదని ప్లీడరు చెప్పాడు, అందుకని మొగుడు ఒక వాకిట్లోంచీ పెళ్లాం ఒక వాకిట్లోంచీ తిరుగుతారు, మూడో వాకిలి అత్తది, ఆవిడ కొడుకుని తిట్టి కోడలికి అన్నం పెడుతుంది. మామగారు ఆవిడతో ఎప్పుడో మాటలు మానేశాడు, ఏం కావాలన్నా గోడకి చెప్తాడు, గోడా గోడా, మజ్జిగలో ఉప్పెయ్యమను అంటాడు, ఆవిడ ఉప్పు తెచ్చి గోడకి కొడుతుంది. ప్లీడరు రోజూ సరిగ్గా అన్నాల వేళకి కేసు మాట్లాడటానికొస్తాడు, అతనికి ఏ వాకిట్లోంచి రావాలో తెలీక కిటికీలోంచి దూకుతాడు. పెద్ద హీరోలు లేరు, పాటలు లేవు. ఇదంతా తీసింది మస్తాన్‌రావు. నరసరావుపేటలో లక్ష్మీనరసయ్య గారి పత్తి కొట్టు లేదూ, వాళ్లబ్బాయి, తండ్రి తిట్టినా వినకుండా, మద్రాసువాళ్ల గడప తొక్కకుండా, నాటకాలాడేవాళ్లని పోగేసుకుని, ఊళ్లోనే ఒక పాతిల్లు పట్టుకుని తీశాడు. ఆ కథ రాసుకోవడానికి నిరుడు ఎండాకాలం మాచర్ల వచ్చి, ఇస్మాయిల్ షెడ్డు వెనకాల గదిలో అద్దెకి దిగాడు. ఆ గది కిటికీ ఇస్మాయిల్ పెరట్లోకి తెరుచుకుంటుంది. పోస్టరు మీద మస్తాన్‌రావు పేరు చూసి, మనవాడేగా అని లోపలికొచ్చాడు ఇస్మాయిల్, ఆ మనవాడు ఇంత పని చేశాడని అప్పటికి తెలీదు, అసలు ఏం చేశాడో ఇంకా పూర్తిగా తెలీదు.

రీలు అయిపోయింది, లైట్లేశారు. ఒకటే ప్రొజెక్టరు, రీలుకీ రీలుకీ మధ్య లైట్లు వెయ్యక తప్పదు. ఇస్మాయిల్ తల వంచేసి చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించాడు. పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాడు, చూస్తే వీరయ్య, మాచవరం దగ్గర మిరప తోట, ఏటా ఆయిలింజను విప్పించుకోవడానికి ఇస్మాయిల్నే తీసుకుపోతాడు. "ఏందిరా ఇస్మాయిలూ, నువ్వూ వచ్చావా? పాటల్లేవు, ఫైట్లు లేవు, అయినా పొట్ట చెక్కలవతా ఉందిరా నాయనా!" ఇస్మాయిల్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. వీరయ్యకేం తెలుసు, వీరయ్యకి ఇవ్వాళ ఏ రోజో కూడా తెలీదు, సంతకొచ్చి సినిమాకొచ్చాడు. గోడకి అవతల గాజులు గలగలమన్నాయి, సోడా కొట్టిన చప్పుడు, మళ్లీ చిన్న నవ్వు. సోడా తాగి కూడా నవ్వుతుందా? ఎవరిచ్చారు సోడా? ఆడవాళ్ల వైపుకి సోడాలు తెచ్చేది ఎవడు, ముసలాడా వయసువాడా? ఇస్మాయిల్ ముసలాడే అయ్యుండాలని కోరుకున్నాడు, కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా ముసలాడే అయ్యుండాలి.

మొదటిసారి ఈ నవ్వు విన్నది సాగర్లో. పెళ్లైన కొత్త, నాగార్జునకొండకి లాంచీ ఎక్కారు, నీళ్ల గాలికి ఆమె కొంగు ఎగిరి లాంచీ నడిపేవాడి మొహాన పడింది, వాడు స్టీరింగు వదలకుండా కొంగులోంచే ఏదో అన్నాడు, షాహిదా నవ్వింది, అదిగో అలాగే, ఊపిరి లాక్కుని రెండు ముక్కలుగా. ఎంత బాగుందని! లాంచీలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసి తామూ నవ్వారు. ఇస్మాయిల్ కూడా నవ్వబోయాడు, నోరు తెరిచాడు కూడా, ఇంతలో లోపల ఏదో కలుక్కుమంది, ఈ నవ్వు నా దగ్గర ఇంతవరకూ నవ్వలేదే అని. కొండ మీద మ్యూజియంలో రాతి బొమ్మలన్నీ చూస్తూ తిరిగాడు గాని ఒక్కటీ కంటికానలేదు. తిరుగు లాంచీలో అడిగేశాడు, "వాడేమన్నాడు? ఎవర్ని చూసి నవ్వావు?" ఆమె ఆశ్చర్యంగా, "ఏమనలా, దారి కనపట్లేదమ్మా అన్నాడు, అంతే" అంది. అంతేనా? అంతే. అంతే అయితే అంత నవ్వెందుకు? ఆ రోజు నుంచి ఆ ప్రశ్న అతని నోట్లో కాపరం పెట్టింది. పాలబ్బాయి దగ్గర నవ్వితే ఎవర్ని చూసి నవ్వావు, బావమరిది ఏదో అంటే నవ్వితే ఎవర్ని చూసి నవ్వావు, వాడు ఆమె సొంత తమ్ముడయ్యా! తనకి తెలుసు తమ్ముడని. తెలిస్తే మాత్రం, నోరు ఆగితేగా.

లైట్లు ఆరిపోయాయి. తెర మీద పెళ్లాం పెరట్లో బట్టలారేస్తూ ఎందుకో నవ్వుకుంది, మొగుడు తన వాకిట్లోంచి ఊడిపడి, నడుం మీద చేతులేసుకుని, "ఎవర్ని చూసి నవ్వావు?" అన్నాడు.

హాలు విరగబడింది. వీరయ్య తొడ చరుచుకున్నాడు, ముందు బెంచీలో ఎవడో ఈల వేసి "ఎవర్ని చూసి నవ్వావే" అని సాగదీశాడు.  నడుం మీద చేతులు! ఆ చేతులు తనవి. తను అలాగే నిలబడతాడు, షాహిదా ఒకసారి అంది కూడా, పోలీసోడిలాగా నడుం మీద ఆ చేతులేంది అని. అవతల ఆమె నవ్వుతోంది, ఈసారి ఆపుకోలేనంతగా, ఎక్కిళ్లు పెట్టుకుంటూ. తన కాపరంలో ఎన్నేళ్లు వినలేదు ఆ నవ్వు! తను అడిగి అడిగి అడిగి చంపేసిన నవ్వు, ఊరందరి ముందు, పదిమంది మధ్య, తన మీదే నవ్వుతోంది. తను అడిగితే ఏడ్చేది, ఈ నాటకాలవాడు అడిగితే పడీపడీ నవ్వుతోంది. వాడి మొహం చూడు, మీసం అతికించుకున్నాడు, అది కూడా ఒక పక్క ఊడింది, వాడి దగ్గర ఏముందని? ఇస్మాయిల్‌కి ఆ తెర మీద మొగుడంటే అరికాలి మంట నెత్తికెక్కింది. తన మాటే, తన చేతులే, తన ఒంటి మీది కోపమే అరువు తెచ్చుకుని తన పెళ్లాన్ని నవ్విస్తున్నాడు.

అది సరే, మస్తాన్‌రావుకి ఎలా తెలిసింది? అప్పుడు గుచ్చుకుంది అసలు ముల్లు. గోడల్లోంచి వినపడిందా? వినపడి ఉండదు, వాడు దిగేటప్పటికే ఈమె నోరు మూసుకుంది, తమ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. అయితే ఆమే చెప్పింది. ఎప్పుడు? తను షెడ్డులో ఉన్నప్పుడు. కిటికీ దగ్గర. మంచినీళ్లమ్మా అని చెంబు చాచేవాడు వాడు, ఈమె బానలోంచి ముంచి పోసేది, ఇస్మాయిల్ కళ్లారా చూశాడు. రంజాన్‌కి సేమియా గిన్నె కూడా పంపింది, నేనే పంపమన్నానుగా, పంపమన్నది నేనే, అయినా సేమియా మీద జీడిపప్పు ఎక్కువ వెయ్యమని నేను చెప్పలేదే! వాడు గిన్నె తిరిగిస్తూ చానా బాగుందమ్మా అన్నాడు. ఆ తర్వాత నుంచి ఉతికిన చొక్కాలేసుకునేవాడు. ఇప్పుడు గుర్తొస్తున్నాయి ఒక్కోటీ. నవ్వొద్దన్న మొగుడి సంగతంతా ఆ కిటికీ దగ్గర నిలబడి చెప్పుకుని ఉంటుంది, వాడు ఊఁ కొడుతూ రాసుకుని ఉంటాడు, ఇద్దరూ కలిసి నవ్వుకుని ఉంటారు. అందుకే పుట్టింటికి పోయింది. అందుకే ఖులా. ఓహో! ఇదా సంగతి! ఇంతకాలం తను పిచ్చివాడని ఊరంతా అంటుంటే తనూ నిజమేనేమో అనుకున్నాడు, చూశారా ఇప్పుడు! అనుమానం రుజువైతే మనిషికి ఏడుపు రావాలి, ఇస్మాయిల్‌కి మాత్రం ఒక దిక్కుమాలిన హాయి కలిగింది.

తెర మీద మొగుడు రేడియో విప్పి సెల్లులు తీసేస్తున్నాడు.  రేడియో! పెళ్లాం రేడియోలో హాస్య నాటిక వింటూ నవ్విందని సెల్లులు తీసి కారం జాడీలో దాచేశాడు తెర మీద మొగుడు, అత్త కూరలో కారమేస్తే సెల్లు పడింది, మామగారు అది కొరికి, గోడా గోడా, ముక్క ఉడకలేదు అన్నాడు. జనం బెంచీలు బాదేస్తున్నారు. నవ్వండి, బాగా నవ్వండి. ఇస్మాయిల్ కారం జాడీలో దాచలేదు, పానాల పెట్టెలో దాచాడు. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ స్టేషన్లో ఆ నాటిక వచ్చేది, ఒక నంగి గొంతువాడు ఉండేవాడు అందులో, వాడు ఏం మాట్లాడినా ఈమెకి నవ్వే, చేటలో బియ్యం వొలికిపోయేంత నవ్వు. మొహం కూడా లేని మనిషి మీద కుళ్లుకున్న మొగుడు దేశంలో ఇంకెవడైనా ఉన్నాడా? సెల్లులయిపోయాయి అన్నాడు. ఆమె కొత్తవి తెమ్మంది. దొరకట్లా అన్నాడు. మాచర్ల బజారంతా సెల్లులు దొరకట్లేదంట! ఆమె అతని మొహంలోకి చూసింది, రేడియో మీద గుడ్డ కప్పేసింది. అదీ ఆఖరు. ఆ తర్వాత ఒక రోజు బియ్యం కడుగుతూ తనలో తను కొంచెం నవ్వుకుంది, ఎవరూ లేరు, రేడియో లేదు, పాలబ్బాయి లేడు, అయినా అడిగాడు, "ఎవర్ని తలుచుకుని నవ్వావు?" బియ్యం నీళ్లు చేతుల్లోంచి కారిపోతుంటే ఆమె అలాగే కూర్చుండిపోయింది. ఇంక ఆ ఇంట్లో నవ్వలేదు. వారంలో నడికుడి బండెక్కింది.

సెల్లుల సంగతి తెలిసింది ఇద్దరికే. తనకీ ఆమెకీ. కాబట్టి ఆమే చెప్పింది, ఇంకేం కావాలి రుజువు? ఇవ్వను. ఖులా ఇవ్వను. ఇస్మాయిల్ చీకట్లో పళ్లు బిగించాడు. అరుగు మీద నిలబడి అందరి ముందూ అడుగుతా, మామా, ముందు ఈమెని అడుగు, నా ఇంటి గుట్టు కిటికీ దగ్గర ఎవడికి చెప్పుకుందో అడుగు, ఆ పైన నన్నడుగు. ఆమె తలవంచుకోవాలి. రజియా నోరు మూసుకోవాలి. ఇవ్వకపోతే ఏమవుతుంది, ఆమె నడికుడిలో అలాగే ఉంటుంది, ఇంకో పెళ్లి కాదు, ఇంకొకడి ఇంట్లో నవ్వదు. నా దగ్గర నవ్వకపోతే పోయింది, ఇంకెక్కడా నవ్వకూడదు. ఆ మాట అనుకున్నాక దాని మొహం తనకే కనపడి భయమేసింది, కాని వెనక్కి తీసుకోలేదు. అవతల ఆమె మళ్లీ నవ్వింది. నవ్వు, నవ్వు. ఇంకో గంటలో చూద్దాం.

ఇంకో రీలు. లైట్లు వేసినప్పుడు కూడా తల ఎత్తలేదు, వీరయ్య వేరుశనక్కాయలు చేతిలో పోస్తే వలవకుండా నలిపాడు. మళ్లీ చీకటి. ఇప్పుడు తెర మీద ఇల్లు ఖాళీగా ఉంది, అత్తా మామా తిరునాళ్లకెళ్లారు, పెళ్లాం కూడా తన వాకిలికి తాళమేసి పుట్టింటికి పోయింది, మొగుడొక్కడే కేసు గెలిచినవాడిలా మూడు వాకిళ్లలోంచీ మార్చి మార్చి తిరిగాడు. విసుగొచ్చింది వాడికి. వెళ్లి కారం జాడీలో చెయ్యిపెట్టి సెల్లులు తీశాడు, తుమ్ముకుంటూ తుడిచాడు, రేడియోలో వేశాడు. పెళ్లాం కూర్చునే పీట తెచ్చి రేడియో ముందు వేశాడు, తను దాని పక్కన నేల మీద చతికిలబడ్డాడు. రేడియోలో నాటిక మొదలైంది. నంగి గొంతువాడు ఏదో అన్నాడు. తెర మీద మొగుడు పీట వంక చూశాడు. పీట నవ్వలేదు. అప్పుడు వాడు ఊపిరి సర్రున లోపలికి లాక్కుని, ఆడగొంతు పెట్టి, రెండు ముక్కలుగా, ఆఖర్న ఎక్కిలితో సహా, పెళ్లాం నవ్వు తనే నవ్వాడు. ఒకసారి కాదు, ఆమె ఎక్కడెక్కడ నవ్వుతుందో అక్కడల్లా. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, ఏమయ్యా అమ్మాయి వచ్చిందా, నవ్వు వినపడింది అంది. వాడు గబుక్కున పీట మీద కూర్చుని, ఆఁ, నేనే అన్నాడు.

జనం నవ్వలేక చచ్చిపోతున్నారు.  ఇది, ఇది ఆమెకి తెలీదు. ఆమె నడికుడిలో ఉంది. ఆమె పోయాక ఆదివారం మధ్యాహ్నం షెడ్డు మూసి, పానాల పెట్టెలోంచి సెల్లులు తీసి, ఆమె పీట వేసి... "ఒరేయ్ ఇస్మాయిలూ, షాహిదా వచ్చిందంట్రా, నవ్వు ఇనపడింది" అని గోడ మీదుగా అడిగింది సుందరమ్మ, తను తలుపేసుకున్నాడు. ఇది ఈ లోకంలో ఎవరికీ తెలీదు. ఎవరు చెప్పారు వీడికి? అప్పుడు వీరయ్య, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, మోచేత్తో గట్టిగా పొడిచాడు. "ఒరేయ్, ఇది నీ కథే గదంట్రా! మా బోరు కాడ ఇంజను ఇప్పేటప్పుడు నాక్కూడా చెప్పలా? పీటా, రేడియో, అంతా అదే!"

నేనా? నేనెప్పుడు చెప్పా? అని అడగబోయాడు ఇస్మాయిల్. మెల్లగా మొదలై మొత్తం గుర్తొచ్చింది. చేతులు పనిలో పడితే ఇస్మాయిల్ నోరు దానంతటది నడుస్తుంది, అది చిన్నప్పటి నుంచీ ఉన్నదే, తల ఇంజను కింద దూర్చి, నట్టు పట్టు దొరికిందంటే చాలు, ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు, చెబుతుంటే చెయ్యి నిదానంగా ఉంటుంది, మాట ఆగితే పానా జారుతుంది. ఎదురుగా ఎవరున్నారో చూడడు, పనైపోయాక ఏం చెప్పాడో గుర్తుండదు, రైతులు వింటారు, నవ్వుకుంటారు, పోతారు. మస్తాన్‌రావు పాత మోటార్ సైకిల్ రెండ్రోజులకోసారి షెడ్డుకొచ్చేది. వాడు కిరసనాయిలు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని, ఊఁ, తర్వాత ఇస్మాయిల్ భాయ్, ఊఁ, తర్వాత అనేవాడు. లాంచీ సంగతి, నడుం మీద చేతులు, సెల్లులు, బియ్యం నీళ్లు, ఆమె పోయాక పీట, అంతా, అంతా తనే, కార్బొరేటర్ తుడుస్తూ తుడుస్తూ, ఆ నవ్వు నవ్వి చూపించి మరీ అప్పజెప్పాడు. కిటికీ దగ్గర ఎవరూ ఏమీ చెప్పలేదు. మంచినీళ్లు పోసింది, అంతే. జీడిపప్పు వేసింది, అంతే. లాంచీవాడు కూడా దారి కనపట్లేదమ్మా అనే అని ఉంటాడు.

అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. గోడకి అవతల నవ్వు లేదు. హాలంతా నవ్వుతోంది, రజియా కూడా నవ్వుతోంది, "అక్కా చూడవే, అచ్చం నీలాగే" అంటోంది, ఆ ఒక్క నవ్వు మాత్రం లేదు. మధ్యాహ్నం నుంచీ అది ఆగాలని కోరుకున్నాడు గదా, ఆగింది. ఎంత చెవి పెట్టినా గోడకి అవతల ఒక మనిషి ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు. నవ్వవే, అనుకున్నాడు ఇస్మాయిల్, నవ్వు షాహిదా, నీకు దణ్ణం పెడతా నవ్వు, ఎవర్ని చూసైనా నవ్వు. తెర మీద మొగుడూ పెళ్లాం ఎలా కలిశారో, కేసు ఏమైందో అతనికి తెలీదు. లైట్లు వెలిగాయి, జనం లేచారు, వీరయ్య వీపు మీద చరిచి పోయాడు.

ఆడవాళ్ల గేటు సందులోకి ఉంటుంది. ఇస్మాయిల్ అటు వెళ్లకూడదనే అనుకున్నాడు, కాళ్లు వెళ్లాయి. ఎండలో కళ్లు చిట్లించుకుని నిలబడింది షాహిదా, చిక్కిపోయింది, ముక్కు కొస ఎర్రగా ఉంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"సెల్లులు మళ్లీ ఏశావా?" అంది.

"ఏశా."

"పీట కూడా ఏశావా?"

ఇస్మాయిల్ తలూపాడు. రజియా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కొంచెం ఎడంగా జరిగింది.

"నాకు చెప్పలా" అంది షాహిదా. గొంతులో కోపం లేదు, అదే చంపేసింది. "ఏడాది నించి నడికుడిలో ఉన్నా. రెండుసార్లు పెద్దల్ని పంపావు, ఎవరెవరితో మాట్టాడతందో కనుక్కురమ్మని పంపావు. ఆ సినిమా ఆయనకి చెప్పావు. ఆయన ఎవరికి చెప్పాడో చూడు, ఊరికి చెప్పాడు. నాకు మటుకు చెప్పలా."

చెప్పాలని ఉంది ఇప్పుడు. చేతుల్లో పానా లేదు, మాట రావట్లేదు. ఆమె నిజంగానే ఎదురు చూసింది, తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, "పద, నమాజు ఏళైంది, పెద్దలు కూర్చుంటారు" అని నడిచింది.

మసీదు ఎంతో దూరం లేదు. వాళ్లిద్దరూ ముందు, ఇస్మాయిల్ వెనక. బండి మీద మామిడికాయలు, ఎండు మిరప బస్తాల ఘాటు, ఎవరో ఏందిరా అని పలకరించారు, వినపడలేదు. సందు మలుపులో రజియా అక్క చెవిలో ఏదో అంది. షాహిదా వద్దులే అన్నట్టు చెయ్యి ఊపింది, ఊపుతూనే ఊపిరి సర్రున లాక్కుంది, రెండు ముక్కలుగా, చివర ఎక్కిలితో, నడిరోడ్డు మీద నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏమంది రజియా? తన మీదేనా? సినిమా మీదా? ఆ ప్రశ్న గొంతులోంచి లేచి నాలుక కొసకొచ్చి కూర్చుంది, ఎప్పట్లాగే, పాత చుట్టంలాగే. ఇస్మాయిల్ నోరు మూసుకున్నాడు. దాన్ని అలాగే పళ్ల మధ్య పట్టుకుని నమాజు చేశాడు, నమాజు ఎలా చేశాడో తెలీదు, అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏరా, ఆలోచించుకున్నావా? ఏమంటావు?" అన్నాడు ఇమాం సాహెబ్ మామ.

"ఆమె అడిగింది ఇచ్చేస్తున్నా మామా" అన్నాడు ఇస్మాయిల్.